ఎమ్మెల్యే గారి చరిత్ర ఫ్లెక్సీలో ఉండదు, ఫారం 26లో ఉంటుంది

విజయవాడ బెంజ్ సర్కిల్ ఫ్లెక్సీలు చూస్తే ప్రతి ఎమ్మెల్యే పుట్టుకతోనే ప్రజానాయకుడు. అసలు సంగతి తెలియాలంటే నామినేషన్‌తో పాటు దాఖలు చేసే ఫారం 26 అఫిడవిట్, అంటే తన ఆస్తులు, అప్పులు, కేసుల గురించి అభ్యర్థి ప్రమాణం చేసి ఇచ్చే పత్రం చదవాలి. ఎన్నికల సంఘం అఫిడవిట్ పోర్టల్‌లో ఎన్నిక, రాష్ట్రం, నియోజకవర్గం ఎంచుకుంటే అభ్యర్థుల జాబితా, పీడీఎఫ్ వస్తాయి. ఒక్కో అభ్యర్థి నాలుగు సెట్ల దాకా నామినేషన్ వేయొచ్చు కాబట్టి ఒకే మనిషి పేరు రెండు మూడుసార్లు కనపడుతుంది. అదే పేరుతో ఒక ఇండిపెండెంట్ కూడా ఉండడం మనకు కొత్త కాదు. తండ్రి పేరు చూసుకుని తెరవండి.

ముందు నియోజకవర్గాల లెక్క తేలాలి. నియోజకవర్గాల పునర్విభజనతో వచ్చిన విజయవాడ సెంట్రల్ 2009 ఎన్నికలకు ముందు లేదు. గుంటూరు ఈస్ట్, వెస్ట్ అప్పటిదాకా గుంటూరు-1, గుంటూరు-2. దేవినేని నెహ్రూ గెలుస్తూ వచ్చిన కంకిపాడు ఇప్పుడు మ్యాపులోనే లేదు. కన్నా లక్ష్మీనారాయణ పెదకూరపాడులో వరసగా నాలుగుసార్లు, 2009లో గుంటూరు వెస్ట్‌లో, 2024లో సత్తెనపల్లిలో గెలిచారు. గద్దె రామ్మోహన్ 1994లో గన్నవరం నుంచి ఇండిపెండెంట్‌గా గెలిచి, 1999లో విజయవాడ ఎంపీ అయి, 2014 నుంచి విజయవాడ ఈస్ట్‌లో ఉన్నారు. ఒక్క నియోజకవర్గం పేరుతో వెతికితే ఇలాంటివారి చరిత్ర సగమే దొరుకుతుంది. పైగా 2004కు ముందు ఎన్నికలకు ఈ అఫిడవిట్లు దొరకవు.

అసలు పని ఏడో అంశంలో ఉంది, ఆస్తులు. ఒకటే అఫిడవిట్ చూసి ఏమీ తేల్చలేం, రెండు ఎన్నికలవి పక్కపక్కన పెట్టాలి. పొలం గడిలో సర్వే నంబరు, విస్తీర్ణం, వారసత్వమా కాదా, కొన్న తేదీ, కొన్న ధర, ప్రస్తుత మార్కెట్ విలువ ఉంటాయి. 2019లో, 2024లో అదే సర్వే నంబరు, అవే ఎకరాలు ఉండి విలువ మాత్రం రెండింతలైతే కొత్తగా సంపాదించిందేమీ లేదు, భూమి ధర మారింది. అమరావతి రాజధాని మాటతో లేచి పడి మళ్ళీ లేచిన మన వైపు భూముల్లో ఇది మరీ ఎక్కువ. కొత్త సర్వే నంబరు వస్తే మాత్రం ఆగాలి: కొన్న తేదీ, ధర రాసుకుని, ఐదేళ్ల ఐటీ రిటర్నుల ఆదాయంతోనూ ఎనిమిదో అంశంలోని అప్పులతోనూ పోల్చండి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు, అందుకే ఐటీ అంకె చిన్నదిగా కనపడినంత మాత్రాన తప్పు పట్టలేం. బంగారానికి రూపాయలు కాదు, గ్రాములు చూడాలి.

ఇంకో చిక్కు కుటుంబం. అభ్యర్థితో పాటు భార్య లేక భర్త, హిందూ ఉమ్మడి కుటుంబం, ఆధారపడినవారి ఆస్తులే ఇందులో వస్తాయి. సొంత సంపాదన ఉన్న కొడుకు పేరు మీద ఎంత ఉన్నా ఈ కాగితంలో కనపడదు.

కేసులు ఐదో అంశం. ఎన్ని అన్నది పెద్ద విషయం కాదు, సెక్షన్లు ఏమిటన్నదే చూడాలి. 2024 అఫిడవిట్లలో ఐపీసీ నంబర్లే ఉంటాయి: 143, 188, 341 అయితే చాలావరకు ధర్నా, రాస్తారోకో కేసులు. 420 (మోసం), 307 (హత్యాయత్నం) దగ్గర నింపాదిగా చదవాలి, అభియోగాలు నమోదయ్యాయా లేదా అన్న గడి కూడా చూడాలి. కేసు నంబరు కోర్టుల వెబ్‌సైట్ ఈ-కోర్ట్స్‌లో కొడితే ఏ దశలో ఉందో తెలుస్తుంది. కేసు ఉన్నంత మాత్రాన పదవి పోదు. రెండేళ్లు, ఆపైన శిక్ష పడితే పోతుంది. అప్పీలు వేసి కుర్చీలో కొనసాగే వెసులుబాటు 2013 సుప్రీం తీర్పుతో పోయింది.

గడి ఖాళీగా వదిలితే రిటర్నింగ్ అధికారి నింపమని అడగాలి, అయినా నింపకపోతే నామినేషన్ తిరస్కరించొచ్చు. తప్పుడు సమాచారానికి ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 125ఏ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. గెలుపును సవాలు చేయాలంటే ఫలితం వచ్చిన 45 రోజుల్లో హైకోర్టులో పిటిషన్ పడాలి. 2019లో విజయవాడ సెంట్రల్ ఫలితం 25 ఓట్లతో తేలింది. అలాంటి చోట ప్రతి కాగితానికీ విలువే.

అఫిడవిట్ చెప్పేది నామినేషన్ రోజు దాకానే, తర్వాత పార్టీ మారితే అందులో కనపడదు. జలీల్ ఖాన్ 2014లో విజయవాడ వెస్ట్‌లో వైసీపీ గుర్తుపై గెలిచి తర్వాత టీడీపీలో చేరారు, మద్దాలి గిరి 2019లో గుంటూరు వెస్ట్‌లో టీడీపీ గుర్తుపై గెలిచి వైసీపీ వైపు వెళ్లారు. ఎన్నికల సంఘం ఫలితాల పట్టికలో గెలిచిన నాటి పార్టీయే ఉంటుంది కాబట్టి, మీ నోట్స్‌లో గెలిచిన పార్టీకి ఒక గడి, పదవీకాలం ముగిసేనాటి పార్టీకి ఇంకో గడి గీసుకోండి.