మాగ్పై గని చుట్టూ: గుట్ట మీద సీసం, లోయలో నీళ్ళు

ఇంగ్లండు నడిమధ్యన డెర్బీషైర్ కౌంటీలో, పీక్ డిస్ట్రిక్ట్ సున్నపురాయి మెట్టల మీద, షెల్డన్ అనే చిన్న ఊరికి దక్షిణంగా మాగ్పై అనే పాత సీసపు గని ఉన్నది. బ్రిటన్‌లో మిగిలిన సీసపు గనుల్లో ఇంత సమగ్రంగా నిలిచినవి అరుదు కనుక చూడవచ్చేవారికి కొదవ లేదు. అయితే చాలామంది కారు దగ్గరలో ఆపి, ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారు. నా దృష్టిలో అది సగం చూడటమే. ఈ గని కథంతా నీటి కథ, ఆ నీరు బయటపడే చోటు గుట్ట కింద వై నది ఒడ్డున ఉన్నది. అందుచేత యాష్‌ఫర్డ్ గ్రామంలో బయలుదేరి, లిటిల్ షాక్లో అడవి గుండా షెల్డన్ ఎక్కి, గని చూసి, డీప్ డేల్ లోయలోకి దిగి, నది పక్కనే యాష్‌ఫర్డ్ చేరుకునే సుమారు 10 కిలోమీటర్ల వలయం నాకు నచ్చిన దారి.

షెల్డన్ దాటాక పొలాల మధ్య రాతి గోడలు మొదలవుతాయి. వాటిలో మనిషి పక్కకు తిరిగి దూరగలిగినంత, ఆవు దూరలేనంత సందులు వదిలి ఉంటాయి. గడ్డి కింద వరుసగా గుంటలూ దిబ్బలూ కనిపిస్తే అవి సీసపు సిరల (రాతిలో ఖనిజం సాగిన చారల) వెంట తవ్విన ఆనవాళ్ళు. ఈ ప్రాంతపు గని ఆచారం విచిత్రమైనది: సీసం దొరుకుతుందనుకుంటే పరాయివాడి పొలంలోనైనా తవ్వుకోవచ్చు, చర్చి ఆవరణ, తోటలు, రహదారుల వంటివి తప్ప మరెక్కడా భూస్వామి అడ్డు చెప్పరాదు. గని ఖాళీగా పడి ఉంటే, మన చేదబావి గిరక వంటి దాని కొయ్య చట్రం మీద అధికారి వారానికొక గాటు పెట్టేవాడు; మూడు గాట్లు పడినా పని మొదలు కాకపోతే హక్కు అడిగినవాడికి దక్కేది. ఇలాంటి తగవులు తీర్చిన బార్మోట్ కోర్టు విర్క్స్‌వర్త్ పట్టణంలో ఇప్పటికీ ఏటా కొలువు తీరుతుంది.

ఎవరి సిర ఎక్కడ ముగుస్తుందో భూగర్భంలో తేల్చడం కష్టం కనుక, మాగ్పై వాళ్ళకూ పక్కనున్న రెడ్ సాయిల్ గని వాళ్ళకూ ఏళ్ళ తరబడి వైరం నడిచింది. ఒకరి తవ్వకాల్లోకి ఒకరు చొరబడటం, పొగ పెట్టి తరమడం మామూలైంది. 1833లో ఆ పొగకు రెడ్ సాయిల్ గనివాళ్ళు ముగ్గురు ఊపిరాడక చనిపోయారు. మరుసటి ఏడు డెర్బీలో విచారణ జరిగి నిందితులందరూ విడుదలయ్యారు. మృతుల భార్యలు మాగ్పై గనిని శపించారని ఇక్కడ చెప్పుకుంటారు. శాపం సంగతి ఎలా ఉన్నా, గనిని ముంచింది మాత్రం నీళ్ళే.

1839లో గని పగ్గాలు చేపట్టిన జాన్ టేలర్ అప్పటికే కార్న్‌వాల్ గనుల్లో పేరుపడ్డ ఇంజనీరు. నీరు తోడటానికి ఇక్కడ ఆవిరి యంత్రం పెట్టించాడు. ఇదే టేలర్ పేరిట నడిచిన జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ 1880లో మైసూరు సంస్థానంలోని కోలారు బంగారు గనుల్లోకి వచ్చింది. నేటి చిత్తూరు జిల్లా పల్లెల నుంచి వెళ్ళిన తెలుగు కూలీలు ఆ కంపెనీ కిందనే పనిచేశారు. షెల్డన్ గుట్ట మీద నిలబడి కోలారును తలుచుకోవలసి వస్తుందని నేను అనుకోలేదు.

నేడు కనిపించే కప్పులేని ఇంజను గది 1869 నాటిది. దాని పక్కన నిలిచిన ఇనుప చట్రమూ రేకుల షెడ్డూ గనిని మళ్ళీ నడపడానికి 1950లలో చేసిన ఆఖరి ప్రయత్నపు గుర్తులు. గనిలోకి నిలువుగా దిగే ప్రధానమైన బావి లోతు 728 అడుగులు. చుట్టూ ఉన్న వ్యర్థపు దిబ్బల మట్టిలో ఇంకా సీసం ఉండటం వల్ల మామూలు గడ్డి సరిగా పెరగదు. లెడ్‌వర్ట్ అని పిలిచే చిన్న తెల్లపూల మొక్క మాత్రం ఆ విషాన్ని ఓర్చుకుని వ్యాపిస్తుంది. పశువులు అక్కడ మేస్తే జబ్బుపడతాయి.

ఎంత తోడినా నీరు తరగకపోవడంతో, 1873లో నది ఒడ్డు నుంచి గని దాకా నీరు బయటికి పోయే సొరంగం తవ్వడం ప్రారంభించారు. మైలుకు పైగా సాగిన ఆ పని 1881లో పూర్తయింది. అయితే విదేశీ సీసం వచ్చిపడి అప్పటికే ధరలు పడిపోతున్నాయి. పెట్టుబడిదారుల పట్ల నాకు పెద్దగా జాలి లేదు గాని, చీకట్లో రాయి కొడుతూ ఎనిమిదేళ్ళు గడిపిన కూలీల శ్రమ మాత్రం మనసును పట్టుకుంటుంది.

డీప్ డేల్ ఎండు లోయ. వాన నీటిని సున్నపురాయి మింగేస్తుంది. అది దాటి గ్రేట్ షాక్లో అడవిలోకి వచ్చాక, బాటకు కాస్త దిగువన సొరంగం నోరు కనిపిస్తుంది. లోపల కప్పు కూలి నీరు నిలిచిపోగా, 1966లో ఆ ఒత్తిడికి కొండవాలు పగిలి మట్టీ రాళ్ళూ నదిలోకి కొట్టుకొచ్చాయి. గనుల చరిత్రను పరిశోధించే స్థానిక సంఘం సభ్యులు తరువాత దాన్ని బాగుచేశారు. అక్కడి నుంచి, మగ్గాలకు కావలసిన కండెలు తయారైన పాత మిల్లు మీదుగా యాష్‌ఫర్డ్ దాకా దారి దాదాపు చదునే.

వాన వెలిశాక వెళితే సొరంగం నోట ప్రవాహం బాగుంటుంది గాని, అడవి బాటలో వేర్లూ రాళ్ళూ జారుతాయి కనుక గట్టి బూట్లు తప్పనిసరి. వలయమంతా నడిచే ఓపిక లేనివారికి నా సలహా, గనిని వదిలేసి యాష్‌ఫర్డ్ నుంచి నది వెంట ఈ సొరంగం దాకా వెళ్ళి రమ్మనే.