చిదంబరం కోసేసిన డబ్బు

ఆదివారం.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ‘సంసారం అదు మిన్సారం’ మళ్లీ పెట్టుకున్నాం. 1986లో ఏవీఎం వాళ్లకు విసు రాసి, తీసి, నటించిన తమిళ సినిమా. ఎవరిని కదిపినా ఇంటి మధ్యన గీసిన గీత గురించే చెబుతారు. అసలు పేచీ అంతకుముందే, డబ్బు దగ్గర మొదలవుతుంది.

ఇంటిపెద్ద అమ్మయ్యప్ప ముదలియార్‌గా విసు, పెద్దకొడుకు చిదంబరంగా రఘువరన్. కోడలు ఉమ (లక్ష్మి) పురిటికి పుట్టింటికి వెళ్తుంది. ఇంట్లో ఒక మనిషి తగ్గింది కదా అని చిదంబరం నెలనెలా ఇచ్చే డబ్బులో ఆ మేరకు కోసేస్తాడు. కాగితం మీద ఆ లెక్కలో తప్పులేదు. ఉమ్మడి కాపురంలో మాత్రం నిలవదు. అంతమందికి వండే చోట ఒకరు తగ్గితే ఎసట్లో గుప్పెడు బియ్యం మిగులుతాయి, అంతే. కరెంటు బిల్లు, పనిమనిషి జీతం, తమ్ముడి చదువు ఎక్కడివక్కడే ఉంటాయి. తండ్రి నిలదీస్తాడు, మాటా మాటా పెరుగుతుంది, ఇంట్లోంచి పొమ్మంటాడు. చెల్లెలి పెళ్లికి పెట్టిన డబ్బు తిరిగిస్తే పోతానంటాడు కొడుకు. గీత పడేది ఆ తర్వాతే. రఘువరన్ ఇదంతా పద్దు పుస్తకం చదువుతున్నట్టు చెబుతాడు. అందుకే అంత గుచ్చుకుంటుంది.

రెండో కోడలు వసంత బాధ వేరు. మొగుడు రాత్రిళ్లు తమ్ముణ్ణి కూర్చోబెట్టి చదివిస్తుంటే ఆమెతో మాట్లాడే తీరికే ఉండదు. ఇక్కడ చెడ్డవాళ్లెవరూ లేరు, అయినా కోడలు పుట్టింటికి పోయే పరిస్థితి వస్తుంది.

పనిమనిషి కణ్ణమ్మగా మనోరమ గురించి ఎంత చెప్పినా తక్కువే. కథలో హాస్యం కావాలని నిర్మాత ఎం. శరవణన్ అడిగితే చేర్చిన పాత్ర అది. ఇప్పుడామెను తీసేస్తే సినిమా కూలిపోతుంది. వియ్యంకుడు ఆల్బర్ట్ ఫెర్నాండెజ్ (కిష్ము) మీద అమ్మయ్యప్ప గొంతు పెంచితే ఆ దెబ్బ కూతురి కాపురం మీద పడుతుంది. పెద్దకోడలు పెంచితే మర్యాద తప్పినట్టవుతుంది. చుట్టరికం అడ్డురానిది పనిమనిషికే. అందుకే ఆల్బర్ట్ నోరు కట్టించే పని విసు ఆమెకప్పగించాడు. ఆ సీను చూసేటప్పుడు ఒకసారి మనోరమను వదిలేసి కిష్ము ముఖమే చూడండి. నవ్వులో సగం అక్కడుంది.

చివర్లో అందరూ దగ్గరయ్యాక, మళ్లీ ఒక్కటిగా ఉందామంటే ఉమే వద్దంటుంది. వేరే ఉంటాం, వచ్చి పోతుంటాం, అభిమానం అలాగే ఉంటుందంటుంది. ఉమ్మడి కుటుంబాన్ని నెత్తిన పెట్టుకునే సినిమాల మధ్య ఈ మాట అనిపించడానికి ధైర్యం కావాలి. అందులో కోపం లేదు, ముందుచూపు ఉంది. చిదంబరం తప్పు ఒప్పుకున్నాడు గానీ లెక్కేసే స్వభావం ఎక్కడికి పోతుంది? ఒకే కప్పు కింద ఉంటే మరో నెల మరో లెక్క బయటికొస్తుంది. కుటుంబమంతా చూడదగ్గ ఆరోగ్యకరమైన జనరంజక చిత్రంగా దీనికి జాతీయ అవార్డు వచ్చింది. ఆ అర్హత ఈ ముగింపుదే అనిపిస్తుంది.

మరుసటేడు ఏవీఎం వాళ్లే ఎస్పీ ముత్తురామన్ దర్శకత్వంలో దీన్నే తెలుగులో ‘సంసారం ఒక చదరంగం’గా తీశారు. గొల్లపూడి మారుతీరావు తండ్రి, శరత్‌బాబు పెద్దకొడుకు, సుహాసిని పెద్దకోడలు. గణేశ్ పాత్రో మాటల్లో వెటకారం మన ఇళ్లదే. గొల్లపూడి తండ్రిలో చిరాకు పాలు ఎక్కువ, విసులో మొండితనం ఎక్కువ. డబ్బు గొడవ సీను ఒక్కటీ రెండింట్లోదీ వెంట వెంట పెట్టుకుని చూస్తే ఆ తేడా తేలిగ్గా పట్టుకోవచ్చు.