రామాయణం మూడు ముక్కలైన రోజు

విజయవాడలో మాది చిన్న డీటీపీ సెంటర్. పుస్తకాలకు పేజీలు కట్టడం, పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఇరవై ఏళ్లుగా ఇదే పని. నేను చదివింది తెలుగు మీడియంలో బీకాం. 2021 వరకు ప్రోగ్రామింగ్ అనే మాటతో నాకు పని పడలేదు.

ఆ ఏడాది ఒక రిటైర్డ్ లెక్చరర్ తన రామాయణ వ్యాసాలు తెచ్చారు. ఆయన్ని మేమంతా మాస్టారు అంటాం. పేజీలు కడితే 380 వచ్చాయి. మూడో ప్రూఫు కూడా అయిపోయాక, "చివర్లో పదసూచిక ఉండాలయ్యా. ఏ మాట ఏ పేజీలో వచ్చిందో చూపించాలి" అన్నారు. చేత్తో చేస్తే నెల పడుతుంది. ఆయన ఇచ్చే డబ్బు వారం పనికి కూడా చాలదు. కాదనలేని మనిషి.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడికి ఫోన్ చేశాను. "పైథాన్‌లో ఇది అరగంట పని మామయ్యా" అన్నాడు. పైథాన్ అంటే ప్రోగ్రాములు రాసే ఒక భాష. "అయితే చేసిపెట్టు" అన్నాను. "నాకు రిలీజ్ ఉంది, నువ్వే నేర్చుకో" అని పెట్టేశాడు.

మూడు వారాలు రాత్రిపూట వీడియోలు చూశాను. చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉండేది. ఆపేసి సొంతంగా రాద్దామని కూర్చుంటే ఒక్క లైను వచ్చేది కాదు. పైగా వాటిలో అన్నీ విద్యార్థుల మార్కులు, బ్యాంకు బ్యాలెన్సులు. తెలుగు ఫైలు తెరిచి చూపించినవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు. మళ్లీ ఫోన్ చేస్తే మావాడు విసుక్కున్నాడు. "వీడియోలు ఆపెయ్ మామయ్యా. ఎఫ్1 నొక్కు, డాక్యుమెంటేషన్, అంటే ఆ భాష వాడకం వివరించే పుస్తకం, వస్తుంది. అది చదువు."

నా షాపు కంప్యూటర్‌లో విండోస్ 7. దాని మీద నడిచే ఆఖరి పైథాన్ 3.8. అందులో ఎఫ్1 నొక్కితే డాక్యుమెంటేషన్ మొత్తం నెట్ లేకుండానే తెరుచుకునేది. మొదటి పేజీలో ట్యుటోరియల్ పక్కన "ఇక్కడ మొదలుపెట్టండి" అని ఉంది. పనిముట్లన్నీ వివరించే లైబ్రరీ రిఫరెన్స్ పక్కన "దీన్ని దిండు కింద పెట్టుకోండి" అని ఉంది, ఇంగ్లీషులోనే లెండి. ఆ రెండో మాట నాకు వెంటనే తగిలింది. మా నాన్న దిండు కింద పంచాంగం ఉండేది. పంచాంగాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా ఎవరూ చదవరు. కావాల్సిన తిథి చూసుకుని మూసేస్తారు. అది తెలిసి కూడా నేను లైబ్రరీ రిఫరెన్స్‌ను మొదటి నుంచి చదవడం మొదలుపెట్టి, నాలుగు రోజులు పాడుచేసుకున్నాను.

తర్వాత ట్యుటోరియల్‌కు వచ్చాను. 16 అధ్యాయాలు. మూడో అధ్యాయంలో పైథాన్‌ను క్యాలిక్యులేటర్‌లా వాడటం నేర్పుతారు, అక్కడ హాయిగా సాగింది. ఉదాహరణల్లో మాటిమాటికీ స్పామ్, ఎగ్స్ అని వస్తుంటే ఈ స్పామ్ మెయిళ్లకూ కోడిగుడ్లకూ ఏమిటి సంబంధమో అనుకున్నాను. ఈ భాషకు పైథాన్ అన్న పేరు పాము వల్ల రాలేదట, బీబీసీలో వచ్చిన ఒక కామెడీ షో వల్ల వచ్చిందట. స్పామ్, ఎగ్స్ కూడా ఆ షోలోవే. ఆ మాట మొదటి అధ్యాయంలోనే రాసి ఉంది, తొందరలో నేను దాటేశాను. తొమ్మిదో అధ్యాయం క్లాసుల గురించి. మూడుసార్లు చదివినా అందులో నేమ్‌స్పేస్ అంటే ఏమిటో బుర్రకెక్కలేదు. వదిలేశాను. పదసూచికకు దాని అవసరమే రాలేదు.

అసలు కష్టం ఇంగ్లీషుతో అనుకుంటారు. నిజానికి డాక్యుమెంటేషన్ ఇంగ్లీషులో వాడే మాటలు తక్కువ, అవే మళ్లీ మళ్లీ వస్తాయి. చిక్కంతా తెలిసిన మాటలతోనే. స్ట్రింగ్ అంటే దారం, ఆర్గ్యుమెంట్ అంటే వాదన అని చిన్నప్పటి నుంచి తెలుసు కదా. ఇక్కడ స్ట్రింగ్ అంటే అక్షరాల వరుస, ఆర్గ్యుమెంట్ అంటే పనిముట్టుకు అందించే సరుకు. "రైజెస్ వాల్యూ ఎర్రర్" అని ఉంటే ఏదో విలువ పెరుగుతుందేమో అనుకున్నాను. అది తప్పు జరిగిందని కేక వేయడమని తెలియడానికి రెండు రోజులు పట్టింది. ఒక పాత డైరీలో ఇలాంటి మాటలన్నీ రాసుకుంటూ పోయాను. నెల తిరిగేసరికి డైరీలో మూడు పేజీలు నిండాయి, ఆ తర్వాత కొత్త మాటలు పెద్దగా రాలేదు.

ఇంకో ముచ్చట. మాటలో మాట వెతికే ఫైండ్ అనే పనిముట్టు గురించి చూస్తే, దాని పేరు పక్కన బ్రాకెట్లలో మళ్లీ చదరపు బ్రాకెట్లు, వాటిలో ఇంకో జత చదరపు బ్రాకెట్లు. ఉన్నదున్నట్టు టైపు చేశాను. సింటాక్స్ ఎర్రర్, రాసిన తీరే తప్పంది. కామాలు మార్చాను, ఖాళీలు తీశాను, మళ్లీ అదే. ఆ చదరపు బ్రాకెట్లు "ఇది ఇస్తే ఇవ్వు, లేకపోతే లేదు" అని చదివేవాళ్లకు చెప్పే గుర్తులు, టైపు చేయాల్సినవి కావు. పెళ్లి కార్డు మ్యాటర్‌లో "ఇక్కడ ఫోటో" అని రాసిస్తే ఆ మాటే అచ్చేసినట్టయింది నా పని.

ఇక మాస్టారి ఫైలు తెరిచాను. "శ్రీ" అనే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. 8డి అనే బైటును (ఫైలులో దాచే ఒక చిన్న నంబరును) చదవలేనని ఎర్రర్. ఫైలు పాడైందనుకుని మాస్టారికి ఏం చెప్పాలా అని ఒక రాత్రంతా టెన్షన్ పడ్డాను. మర్నాడు ట్యుటోరియల్ ఏడో అధ్యాయం, ఆ తర్వాత రిఫరెన్స్‌లో ఫైలు తెరిచే ఓపెన్ గురించి నిదానంగా చదివాను. ఎన్‌కోడింగ్ (బైట్లను అక్షరాలుగా చదివే పద్ధతి) చెప్పకపోతే కంప్యూటర్ తన అలవాటు ప్రకారం చదువుకుంటుందని, ఆ అలవాటు ఒక్కో సిస్టమ్‌లో ఒక్కోలా ఉంటుందని అక్కడ రాసి ఉంది. నా విండోస్ అలవాటు పశ్చిమ యూరప్ భాషల పట్టిక. మాస్టారి ఫైలు యుటిఎఫ్-8 అనే వేరే పద్ధతిలో ఉంది, అందులో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. పొల్లుకు వచ్చే మూడో బైటే ఈ 8డి, ఆ పట్టికలో దాని చోటు ఖాళీ. శ్రీలో ర ఒత్తు ఉంది కాబట్టి మధ్యలో పొల్లు ఉంటుంది. యుటిఎఫ్-8 అని ఒక్క మాట చేర్చగానే ఫైలు తెరుచుకుంది.

నాకు డాక్యుమెంటేషన్ చదవడం వచ్చింది ఆ రోజే అనుకుంటాను. అంతకుముందు నేను అందులో ఏం రాయాలో వెతికేవాణ్ని. ఆ రోజు మొదటిసారి ఎందుకు ఆగిందో వెతికాను.

ఇప్పుడు వాక్యాలను మాటలుగా విడగొట్టాలి. అక్షరాల నమూనా ఇచ్చి వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అంటే మాటలో వచ్చే అక్షరమని ఒక వీడియోలో విన్నాను. పెట్టాను. "రామాయణం" కాస్తా ర, మ, యణ అని మూడు ముక్కలై వచ్చింది. దీర్ఘాలు మాయం, సున్న మాయం. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మేనల్లుడికి పంపితే, "ఇంగ్లీషులో బాగానే వస్తుందే" అన్నాడు.

రిఫరెన్స్‌లో ఆ గుర్తు గురించి ఉన్న వాక్యం రెండు లైన్లే. మాటల్లో వచ్చే అక్షరాల్లో "చాలావరకు" దానికి సరిపోతాయని ఉంది. ఆ చాలావరకు అన్న మాట మీద అంతకుముందు పదిసార్లు నా కళ్లు పోయాయి, ఒక్కసారీ ఆగలేదు. గుణింతపు గుర్తులు యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే పట్టిక) లెక్కలో అక్షరాలు కావు, అక్షరాన్ని అంటిపెట్టుకునే గుర్తులు. ఒక్కో గుర్తుకూ నంబరు ఏమిటో చూపించే ఆర్డ్ అనే పనిముట్టు ఉందని తెలిసి, "తెలుగు" అన్న మాటను ఒక్కో గుర్తుగా దానికిచ్చాను. 3108, 3142, 3122, 3137, 3095, 3137. మూడక్షరాల మాటకు ఆరు నంబర్లు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, మళ్లీ కొమ్ము. ఇరవై ఏళ్లుగా తెలుగు టైపు చేస్తున్నాను, అక్షరాన్ని ఇలా విప్పి చూడటం అదే మొదలు. యూనికోడ్‌లో తెలుగుకు ఇచ్చిన చోటు 3072 నుంచి 3199 దాకా. ఆ హద్దుల మధ్య ఏది వచ్చినా మాటలో భాగమేనని చదరపు బ్రాకెట్లలో చెప్పాను. ఈసారి వాటిని నిజంగానే టైపు చేయాలి! రామాయణం ఒక్కటిగా వచ్చింది.

తర్వాత విభక్తులు. సీతకు, సీతతో, సీతలో అన్నీ సూచికలో సీత కిందే రావాలి కదా. మాట చివర తోకను కత్తిరించే రిమూవ్‌సఫిక్స్ గురించి రాత్రి ఇంట్లో ఫోన్‌లో చదివి, పొద్దున్నే షాపులో వాడితే అలాంటిదేదీ లేదంది. ఫోన్‌లో నేను చూసింది కొత్త వెర్షన్ డాక్యుమెంటేషన్. "3.9లో కొత్తగా చేరింది" అని దాని కింద చిన్న అక్షరాలతో ఉంది. షాపులో ఉన్నది 3.8. అప్పటి నుంచి పేజీ తెరవగానే ముందు పైన వెర్షన్ నంబరు చూస్తాను. సరే, అదే పని చేసే నాలుగు లైన్లు నేనే రాసుకున్నాను. చివరి "కు" తీసెయ్యమన్నాను. సీతకు సీత అయింది. ఆకు "ఆ" అయింది, చాకు "చా" అయింది. తెలుగు వ్యాకరణం ఏ పైథాన్ పేజీలోనూ ఉండదు. ఆ భాగం మాస్టారూ నేనూ రెండు ఆదివారాలు కూర్చుని చేత్తోనే చేశాం.

అసలు చిక్కుముడి చివర్లో వచ్చింది. సూచికలో "పైన" రెండుసార్లు వచ్చింది. "కైక" రెండుసార్లు, "మైథిలి" రెండుసార్లు. తెర మీద చూస్తే రెండింటికీ తేడా లేదు. ప్రింటు తీసి భూతద్దంతో కూడా చూశాను. పైథాన్‌ను అడిగితే రెండూ ఒకటి కాదంటుంది. ఐత్వం ఉన్న మాటలకే ఈ జబ్బు అని గమనించడానికి ఒక పూట పట్టింది.

డాక్యుమెంటేషన్‌లో యూనికోడ్ గురించి విడిగా ఒక వ్యాసం ఉంది. అందులో స్ట్రింగులను పోల్చడం అనే చిన్న భాగం. నెత్తిన టోపీ ఉన్న "ఇ" (ê) అనే యూరప్ అక్షరాన్ని ఉదాహరణగా తీసుకున్నారు. దాన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, అక్షరం ఒకటి, టోపీ ఒకటి అని రెండు గుర్తులుగానూ రాయొచ్చు. చూడటానికి ఒకటే, కంప్యూటర్‌కు వేరు. ఆ పేజీలో తెలుగు ప్రస్తావనే లేదు. కానీ చదువుతుంటే ఒళ్లు ఝల్లుమంది. పలక మీద ఐత్వం ఎలా రాయించారు మనకి? పైన ఎత్వం పెట్టి, కింద ఇంకో గుర్తు. అంతే! ఆర్డ్ పెట్టి చూశాను. ఒక "పైన"లో ఐత్వం 3144, ఒకటే గుర్తు. ఇంకో "పైన"లో 3142, 3158, రెండు గుర్తులు. ఆ 3158 పేరు అడిగితే "తెలుగు ఏఐ లెంగ్త్ మార్క్" అంది. ఏఐ అనగానే ఇందులోకి కూడా ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ వచ్చిందా అనుకున్నాను, తీరా అది ఐత్వానికి వాళ్లు పెట్టిన పేరు. పాత ఫాంటు నుంచి యూనికోడ్‌లోకి మార్చిన అధ్యాయాల్లో రెండు గుర్తులు వచ్చాయి, మాస్టారు తర్వాత ఫోన్‌లో టైపు చేసి పంపిన రెండు అధ్యాయాల్లో ఒకటే వచ్చింది. ఇలాంటివాటిని ఒకే రూపంలోకి తెచ్చే నార్మలైజ్ కూడా ఆ భాగంలోనే ఉంది. ఒక్క లైనుతో జంటలన్నీ కలిసిపోయాయి.

అక్షరక్రమం దగ్గర మాస్టారు ఒక మెలిక పెట్టారు. "క్ష మాటలు క కింద వద్దు, చివర్లో రావాలి" అన్నారు. పెద్దబాలశిక్ష అలవాటు కాబోలు. వరుస పెట్టడం మీద ఉన్న వ్యాసం చదివి, క్షను చివరి నంబరుగా లెక్కేసుకోమని కీ, అంటే వరుస పెట్టే సూత్రం, ఇచ్చాను. అప్పటికి డాక్యుమెంటేషన్ అంటే బెరుకు పోయింది, గంటలో అయింది.

మేనల్లుడు అరగంట అన్న పనికి నాకు రెండున్నర నెలలు పట్టింది. పుస్తకం అచ్చయింది.

తర్వాత ఇంకో ఇద్దరు రచయితలు సూచిక కావాలని వచ్చారు. ప్రతిసారీ నేనే కూర్చోకుండా, షాపులో పనిచేసే అమ్మాయికి అప్పజెప్పాలని ఒక పేజీ కాగితం రాశాను. పైథాన్ అంటే ఏమిటి, యూనికోడ్ అంటే ఏమిటి, మన ప్రోగ్రాం ఎలా పనిచేస్తుంది, అన్నీ వరుసగా, ముచ్చటగా. కాగితం ఆ అమ్మాయి చేతికిచ్చాను. మడిచి పక్కన పెట్టి, నేరుగా ప్రోగ్రాం మీద డబుల్ క్లిక్ చేసింది. నల్ల కిటికీ ఇలా వచ్చి అలా పోయింది. "అన్నయ్యా, ఫైలు ఎక్కడ పెట్టాలో ఇందులో ఏదీ?" అని అప్పుడు కాగితం విప్పింది. ఫైలు ఎక్కడ పెట్టాలో తొమ్మిదో లైనులో ఉంది. కోపం వచ్చింది కానీ, ఎవరి మీద? దిండు కింది పుస్తకాన్ని నాలుగు రోజులు మొదటి నుంచి చదివింది ఎవరు, చాలావరకు అన్న మాటను పదిసార్లు దాటేసింది ఎవరు?

1980లలో ఐబీఎం పరిశోధకుడు జాన్ క్యారల్ ఇదే గమనించాడని తర్వాత తెలిసింది. వర్డ్ ప్రాసెసర్ నేర్చుకునేవాళ్లకు లావుపాటి మాన్యువల్ ఇస్తే చదవరట, నేరుగా పనిలో దిగుతారట, ఇరుక్కున్నాకే పేజీలు తిప్పుతారట. ఆయన మాన్యువల్‌ను సన్నగా కోసేసి, తప్పు జరిగితే ఎలా బయటపడాలో అందులో చేర్చాడు.

నా కాగితాన్నీ కోశాను. ఫైలు ఎక్కడ పెట్టాలో మొదటి లైను. నల్ల కిటికీ వచ్చి పోతే ఏం చేయాలో రెండో లైను. యూనికోడ్ గురించి రాసిన పేరా మొత్తం తీసేశాను, అది రాయడానికే నాకు ఎక్కువ సేపు పట్టింది, అయినా సరే. ఇప్పుడు మానిటర్ పక్కన టేపుతో అతికించి ఉన్నది మూడోసారి మార్చిన కాగితం. నిన్న ఆ అమ్మాయి దాని మీద పెన్నుతో ఒక లైను తనే చేర్చింది: "ముందు ఫైలు పేరులో ఖాళీ ఉందేమో చూసుకో".