ఇక్కడ అందరం క్షేమం

స్టార్టర్ డబ్బా ముందు నిలబడి పచ్చ బటన్ నొక్కుదామనుకుంటే చెయ్యి లేవలేదు. 2022 నవంబరు, బత్తాయి తోటకు నీళ్లు పెట్టే వేళ, రాత్రి ఏడున్నర. కరెంటు కొట్టిందేమో అనుకున్నాను. ఎడమ చేత్తో నొక్కి మోటరు నడిపించి ఇంటిదారి పట్టాను. కుడికాలి చెప్పు ఎక్కడ జారిపోయిందో తెలియదు. వాకిట్లో బియ్యం చెరుగుతున్న మా ఆమె తలెత్తి చూసి "నోరు గట్ల వంకర పోయిందేందయ్యా?" అంది. ఏం కాలేదని చెప్పబోయాను. నోట్లోంచి వచ్చింది మాట కాదు, ఏదో మూలుగు.

కొండమల్లేపల్లికి, దేవరకొండకు నడుమ మా ఊరు. క్షణంలో నలుగురు పోగయ్యారు. పక్క ఊళ్లో పక్షవాతానికి పసరు పోసే ఆయన ఉన్నాడని, ఆయన దగ్గరికి పోతే ఇంగ్లీషు మందు ముట్టొద్దని ఒకరు, "మూడు పూటల్ల లేచి కూసుంటడు" అని ఇంకొకరు. మా ఆమె ఒక్కరి మాటా వినలేదు. పక్కింటి పిల్లవాడితో కారు తీయించి నన్ను నల్లగొండకు పట్టుకొచ్చింది. ఆమె ఆరో తరగతిలో బడి మానేసిన మనిషి.

మొదట దిగిన దవాఖాన బోర్డు మీద 24 గంటలు అని రాసి ఉంది. షుగరు, ఈసీజీ, సెలైన్, అడ్వాన్సు. అన్నీ అయ్యాక గంటంబావుకు చెప్పారు, తల స్కానింగ్ మిషన్ తమ దగ్గర లేదని. ఆ ముక్క గేటు దగ్గరే చెబితే వాళ్ల సొమ్మేం పోయేది? అడ్వాన్సు గురించి నాకు బాధ లేదు. ఆ గంటంబావుకే ఉంది. ఇప్పటికీ ఆ వీధిలో పోతే మొహం పక్కకు తిప్పుకుంటాను.

రెండో చోట ఉన్న డాక్టరమ్మ నా చిన్న బిడ్డ వయసుది. అడ్వాన్సు అడగలేదు. "ఎన్నింటికి మొదలైందమ్మా?" అని ఒక్కటే అడిగింది. "మోటరు చప్పుడు ఇనొచ్చినప్పుడు. టీవీల ఏడున్నర సీరియల్ అప్పుడే షురువైంది" అంది మా ఆమె. ఆ లెక్క మీదే నా బతుకు నిలబడింది. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలట. అది కూడా స్కానింగులో మెదడులో రక్తస్రావం లేదని తేలితేనే. నాకు సూది వేసేసరికి పదకొండు ఇరవై. తర్వాతి పదకొండు రోజుల ట్యూబులు, పరీక్షలు చెప్పి మీకు విసుగు తెప్పించను. ఆ మొదటి రాత్రి మాత్రం చెప్పాలి.

ఐసీయూలో నాకు తెలివి ఉంది. అది ఎవరికీ తెలియదు. చావు భయం పుట్టలేదు, కార్గిల్ యుద్ధంలో చూసిందే. భయం వేరే చోట పుట్టింది. మా ఆమె పేరు గుర్తు రాలేదు. మొహం కళ్ల ముందే ఉంది, పేరు లేదు. బిడ్డల పేర్లు లేవు. ఊరి పేరూ లేదు. ఎంత వెతికినా దొరికింది ఒక్కటే, నా ఆర్మీ నంబరు. అది కూడా హిందీలో. 1985లో గోల్కొండ ఆర్టిలరీ (ఫిరంగి దళం) సెంటర్లో కొత్త రిక్రూటుగా అరిచి అరిచి బట్టీ పట్టిన అంకెలవి. రాత్రంతా వాటినే లోపల చదువుకుంటూ పడుకున్నాను. ఆపితే అవి కూడా పోతాయేమో అని.

ఒంటిగంటప్పుడు మా చిన్నాయన కొడుకు, వాడి బావమరిది మంచం దగ్గరికి వచ్చారు. చిన్నాయన కొడుకు కాసేపు చూసి, "అన్నకు ఎట్లైనా సరే, వదినెకు ఫికర్ లేదు తియ్. సగం పింఛన్ వస్తది" అన్నాడు. నా ఎడమ చెవి 1999లోనే పోయింది. కార్గిల్ యుద్ధంలో ద్రాస్ దగ్గర బోఫోర్స్ ఫిరంగి పక్కన, చెవుల్లో దూది కుక్కుకుని పని చేసిన పుణ్యం. వాడు కర్మకాలి కుడిపక్క నిలబడ్డాడు.

24 ఏళ్లు నౌకరీ చేసి, 2009లో హవల్దారుగా దిగి, ఆపైన ఎనిమిదేళ్లు బ్యాంకు గేటు దగ్గర తుపాకీతో నిలబడితే, చివరికి నేను సగం పింఛన్ లెక్కకు వచ్చానన్నమాట. వాడి చెల్లె పెళ్లికి నేనిచ్చిన డబ్బు ఇంకా తిరిగి రాలేదు. ఇలా రాయడం బాగుండదు, తెలుసు. రాయకుండా ఉండలేకపోయాను.

ఇంటికి వచ్చాక మాట రావడానికి నాలుగు నెలలు పట్టింది. మొదట వచ్చింది తెలుగు కాదు. నడిపిస్తున్న ఫిజియోథెరపీ అబ్బాయి "ఒకటి, రెండు" అంటుంటే నా నోట "ఏక్ దో ఏక్, ఏక్ దో ఏక్" అని పరేడ్ మైదానంలో లాగా పలికింది. లెక్కలు, దేవుడి నామాలు, అలవాటైన మాటలు ముందు వస్తాయని ఆ అబ్బాయి చెప్పాడు. ఉప్పు అనబోయి నమక్ అనడం ఇప్పటికీ ఉంది.

ఆ నాలుగు నెలలు మా ఆమే మాట్లాడింది. నేను జవాబు చెప్పలేను కాబట్టి ఇల్లు బోసిపోకుండా పాతవన్నీ తీసింది. చిన్నదానికి రాత్రిపూట జ్వరంతో ఫిట్స్ వస్తే ఇసుక లారీ ఆపి దేవరకొండ దవాఖానకు తీసుకుపోయిందట. కార్గిల్ యుద్ధమప్పుడు ఎవరింటి టీవీలోనో జెండా కప్పిన పెట్టెలు చూపిస్తుంటే బయటికి వచ్చి బర్రె దగ్గర కూర్చునేదట. ఇవేవీ నాకు తెలియవు. కేరాఫ్ 56 ఏపీఓ అనే సైనిక తపాలా చిరునామాకు నాకు వచ్చిన ప్రతి ఇన్‌లాండ్ లెటర్లో "ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాము" అనే ఉండేది. ద్రాస్ నుంచి నేను రాసింది కూడా అదే. పక్క బంకర్ మీద షెల్ పడిన రోజు రాసిన దాంట్లో కూడా.

నన్ను మంచం మీది నుంచి లేపి కూర్చోబెట్టింది కూడా ఆమే. నల్లాకు కృష్ణా నీళ్లు రాకముందు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగిన మోకాళ్లు ఆమెవి. లేచేటప్పుడు గోడ పట్టుకుంటుంది. ఆ మోకాళ్లతోనే నన్నెట్లా లేపిందో.

నా తప్పు కూడా చెప్పాలి. బీపీ మాత్రలు నాలుగు నెలల ముందే మానేశాను. తలనొప్పి లేదు, తల తిరగడం లేదు, మరి మాత్రలెందుకని. మాజీ సైనికుల పాలిక్లినిక్‌లో ఉచితంగా ఇచ్చే మాత్రలకు బస్సు ఛార్జీ దండగ అనుకున్నాను. మాజీ సైనికులెవరైనా ఇది చదివితే ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు బీరువాలో దాచొద్దు, జేబులో పెట్టుకోండి. ప్రాణం మీదికి వచ్చి ఆ పథకం ప్యానెల్‌లో లేని దవాఖానలో చేరినా రెండు రోజుల్లోపు పాలిక్లినిక్‌కు కబురు చెయ్యాలి. ఆ సంగతి తెలియక మా బిడ్డ ఆగమైపోయింది.

మా ఆమె చెరువుగట్టు రామలింగేశ్వరస్వామికి మొక్కుకుంది. ఒక అమావాస్య నాడు కట్టె పట్టుకుని గట్టెక్కాను. నాకు దేవుడి మీద అంత పట్టింపు లేదు. అయినా దండం పెట్టేటప్పుడు రెండు చేతులూ కలిశాయి, అది మాత్రం నేను చూసుకున్నాను.

చిన్నాయన కొడుకు మొన్న వచ్చాడు, వాళ్ల తోటవి ఒక సంచి బత్తాయిలు పట్టుకుని. "మంచిగైనవ్ అన్నా" అన్నాడు. నోటి దాకా వచ్చింది, పింఛన్ సంగతి. మాట అందలేదో, నేనే మింగానో చెప్పలేను. కాయలు తియ్యగానే ఉన్నాయి.

రాత్రి అన్నం తినగానే మా ఆమె మాత్ర చేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడుతుంది. మింగాక నోరు తెరిపిస్తుంది, నాలుక ఎత్తమంటుంది. ఫిరంగి దళంలో 24 ఏళ్లలో ఏ బ్యాటరీ హవల్దార్ మేజరూ నన్నంత అనుమానంగా చూడలేదు.