ఏడు చుక్కలూ ఒకేసారి పోవు

షార్జా పారిశ్రామిక వాడలో నేను పనిచేసే దుకాణంలో మరమ్మతు అంటే చాలామటుకు పాత బోర్డు తీసి కొత్తది బిగించడమే. అందుకే పదవీ విరమణ చేసిన ఒక సర్వేయరు తన హెచ్‌పీ-97 కాలిక్యులేటరును బల్ల మీద పెట్టి, అంకెలు వెలుగుతున్నాయి గానీ కాగితం మీద ఏమీ పడడం లేదని చెప్పినప్పుడు, విడిభాగాలు దొరకని పనిని ఒప్పుకోవద్దని మా యజమాని నాకు కళ్లతోనే సైగ చేశారు. 1976లో 750 డాలర్ల ధరతో వచ్చిన ఆ యంత్రాన్ని విప్పి చూడాలన్న ఆశ కొద్దీ నేను ఒప్పుకున్నాను.

ముందు విప్పలేదు. ముద్రణ మీటకు మూడు స్థానాలుంటాయి. ‘మాన్’లో ఉంటే అడిగితే తప్ప ముద్రించదు కాబట్టి దాన్ని ప్రతి లెక్కనూ ముద్రించే ‘ట్రేస్’కు జరిపాను. ముద్రించే తల అటూ ఇటూ కదిలింది, కాగితం తెల్లగానే వచ్చింది. ఇది సిరా లేని ముద్రణ: వేడి తగిలిన చోట కాగితం పూత నల్లబడుతుంది. పూత ఒకవైపే ఉంటుంది కనుక గోటితో గీసి చూశాను. గీత పడింది, కాగితం సరిగానే ఉంది.

ఆ తలలో నిలువుగా పేర్చిన ఏడు సన్నని వేడి చుక్కలుంటాయి. ఒకటి కాలిపోతే ప్రతి అంకెలోనూ అదే ఎత్తున ఒక అడ్డగీత ఖాళీగా కనిపిస్తుంది, కానీ ఏడూ ఒకేసారి పోవడం అరుదు. అంటే లోపం తలలో కాదు, దానికి అందే కరెంటులో ఉండాలి. విజయవాడలో రేడియోలు బాగుచేసిన రోజుల్లో మా గురువుగారు, యంత్రం పని చేయకుండా ఖాళీగా ఉన్నప్పటి వోల్టేజీని నమ్మవద్దనేవారు. మల్టీమీటరు పెట్టి ముద్రణ బొత్తాం నొక్కగానే ముల్లు కిందికి జారింది.

బ్యాటరీ గది తెరిస్తే సంగతి తెలిసింది. ఏళ్ల తరబడి లోపలే వదిలేసిన నికెల్ కాడ్మియం సెల్లులు కారి, రాగి స్పర్శలు పచ్చగా పొక్కి ఉన్నాయి. ఆ ద్రవం క్షారం కాబట్టి మొదట వెనిగరుతో, తరువాత ఆల్కహాలుతో శుభ్రం చేసి, కొత్త సెల్లులు వేశాను. రెండు వర్గమూలం నొక్కితే మొదటి అంకె మసకగా, తక్కినవి స్పష్టంగా పడ్డాయి.

నేను మూడు గంటలని రాసిన చీటీని యజమాని ఒక గంటగా దిద్ది బిల్లు వేశారు.