ఫైల్లోకెక్కిన ‘ఐ యామ్ ఫైన్’

2021 నవంబర్, నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టెల్‌వేన్. పొద్దున ఏడూముప్పావు, ఇంకా సరిగ్గా తెల్లారలేదు. సైకిల్ మీద ఆఫీసుకి వెళ్తున్నాను, లైటు వేసే ఉంది. పక్క రోడ్డు మీద నాతో పాటే వస్తున్న డెలివరీ వ్యాన్ ఒక్కసారిగా కుడివైపు తిరిగింది. మణికట్టు విరిగింది, మోకాలు చీరుకుపోయింది, అంతే. అంబులెన్స్ అమ్మాయి ఎలా ఉందని అడిగితే "ఐ యామ్ ఫైన్" అన్నాను, పోలీసుకీ అదే చెప్పాను, వణికిపోతున్న డ్రైవర్‌కీ అదే చెప్పాను. మన నోటికి ముందు వచ్చేది అదే కదా, బానే ఉన్నాను అని. ఆ మాట ఎక్కడెక్కడ రాసిపెట్టారో ఏడాది తర్వాత గానీ తెలియలేదు.

ఆరు వారాలకి కట్టు విప్పారు. సైకిల్ మాత్రం ఎక్కలేకపోయాను. కింద వీధిలో ఏ బండైనా రివర్స్ చేస్తూ బీప్ బీప్ అంటే వంటింట్లో నా చేతిలో గరిటె జారిపోయేది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి ఇక నిద్ర పట్టేది కాదు. హౌస్‌ఆర్ట్స్ దగ్గరికి, అంటే అక్కడి ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఉన్న పది నిమిషాల్లో నాకొచ్చిన ఇంగ్లీషులో "గుండె దడ, గుండె బరువు" అని చెప్పుకున్నాను. ఆయన ఈసీజీ తీయించాడు. నార్మల్. థాంక్యూ చెప్పి వచ్చేశాను. వ్యాన్ సంగతి నేనెత్తలేదు, ఆయనా అడగలేదు.

ఈలోగా వ్యాన్ ఇన్సూరెన్స్ కంపెనీ బాగానే స్పందించింది. నెదర్లాండ్స్‌లో సైకిల్ మీదో కాలినడకనో వెళ్లేవాళ్లని మోటారు బండి గుద్దితే, 1994 రోడ్డు ట్రాఫిక్ చట్టం 185వ ఆర్టికల్ ప్రకారం, తప్పించుకోలేని పరిస్థితి అని నిరూపించుకుంటే తప్ప బాధ్యత బండి యజమానిదే. పద్నాలుగేళ్లు దాటినవాళ్ల విషయంలో మన తప్పు కొంత ఉన్నా, మరీ కావాలని చేసినట్టో బరితెగించినట్టో లేకపోతే, సగమైనా ఇవ్వాల్సిందే. నా కేసులో మొత్తం ఒప్పుకున్నారు. సైకిల్, కళ్లజోడు, ఐఖన్ రిసికో కింద, అంటే హెల్త్ ఇన్సూరెన్స్ ఉన్నా వైద్యం ఖర్చులో మన జేబు నుంచి పెట్టుకోవాల్సిన వాటా కింద, నేను కట్టిన 385 యూరోలు, మణికట్టుకి కొంత, అన్నీ కలిపి ఒక మొత్తం రాసి, ఇక్కడ సంతకం పెట్టండి అని కాగితం పంపారు. ఆ కాగితం పేరు పలకడానికే ఒక వారం పట్టింది: ఫాస్ట్‌స్టెల్లింగ్స్‌ఓవర్‌ఏన్‌కోమ్స్ట్, అంటే సెటిల్మెంట్ ఒప్పందం. పెట్టేసేదాన్నే. ఆఫీసులో ఒక డచ్ ఆవిడ చూసి, "ఫినాలె క్వైటింగ్ అని ఉంది చూడు, సంతకం పెడితే రేపు ఏమొచ్చినా వాళ్లకి సంబంధం లేదు" అని ఆపింది.

సరిగ్గా ఆ వారమే మా ఆయన నాతో పాటు డాక్టర్ దగ్గరికి వచ్చి, నేను మళ్లీ గుండె కథ మొదలుపెట్టగానే, "ఈవిడకి గుండె కాదండీ, వ్యాన్" అన్నాడు. అప్పటికి యాక్సిడెంట్ అయ్యి నాలుగు నెలలు. అక్కడి నుంచి క్లినిక్‌లోనే ఉండే మానసిక ఆరోగ్య నర్సు, ఆమె నుంచి సైకాలజిస్ట్ వెయిటింగ్ లిస్ట్, చివరికి పీటీఎస్‌ఎస్ అని డయాగ్నసిస్. పీటీఎస్‌డీనే, అంటే పెద్ద షాక్ తర్వాత మనసుని వదలకుండా పట్టుకునే జబ్బునే, డచ్‌లో అలా అంటారు. వీసాకేమన్నా అవుతుందేమో, మేనేజర్‌కి తెలుస్తుందేమో అని ఎంత టెన్షన్ పడ్డానో. జబ్బు పేరు కంపెనీ డాక్టర్ దగ్గరే ఆగిపోతుంది, మేనేజర్‌కి వెళ్లేది ఎన్ని గంటలు పని చేయగలను అన్నదే. వీసా వాళ్లు నన్నేమీ అడగలేదు.

స్లాఖ్టోఫర్‌హుల్ప్ అని బాధితులకి ఉచితంగా సాయం చేసే సంస్థ ఉంది, వాళ్లతో మాట్లాడాక లాయర్‌ని పెట్టుకున్నాను. లాయర్ ఫీజు ఎక్కడి నుంచి తేవాలి అని నా ఏడుపు. బాధ్యత ఒప్పుకున్న చోట సబబైన లాయర్ ఖర్చు కూడా నష్టంలో భాగమే, అవతలి ఇన్సూరెన్సే కడుతుంది. ఇది ముందే తెలిసుంటే నాలుగు నెలలు గూగుల్ ట్రాన్స్‌లేట్‌తో కుస్తీ పట్టేదాన్ని కాదు. క్లెయిమ్ గడువు గురించి కూడా ఆ లాయరే చెప్పింది: డ్రైవర్ మీద ఐదేళ్లు, కానీ ఇన్సూరెన్స్ మీద నేరుగా వెళ్తే మూడేళ్లే. ఐదు అనుకుని కూర్చోకండి.

మొదటి మీటింగ్‌లో లాయర్ ఒకటే అంది. భయమేసింది, నిద్ర పట్టట్లేదు అంటే కోర్టుకి చాలదు, మనసుకి నిజంగా గాయమైందని నిపుణులు తేల్చాలి, అప్పుడే సివిల్ కోడ్ ఆరో పుస్తకం 106వ ఆర్టికల్ కింద ఆ గాయానికి కూడా స్మార్టన్‌ఖెల్ట్ అడగొచ్చు. స్మార్ట్ అంటే నొప్పి, ఖెల్ట్ అంటే డబ్బు. పేరు బాగుంది గానీ అమెరికా అంకెలు ఊహించుకోకండి, ఇక్కడ పాత తీర్పులు పక్కన పెట్టుకుని పొదుపుగా లెక్కేస్తారు. ఇంటిపని సాయానికైతే లెట్సెల్‌స్ఖాడె రాడ్ అనే సంస్థ వేసిన పట్టికే ఉంది, వారానికి ఇంత అని. విజయవాడ నుంచి వచ్చి మూడు నెలలు వండిపెట్టిన మా అత్తగారి శ్రమకి ఆ పట్టిక ప్రకారం డచ్ రేటు కట్టారని చెబితే ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

అసలు గొడవ అప్పుడొచ్చింది. ఇన్సూరెన్స్ కంపెనీ మెడికల్ అడ్వైజర్ రాసిన ఉత్తరం: స్థలంలో పేషెంట్ బాగున్నానని చెప్పారు, నాలుగు నెలల పాటు డాక్టర్ రికార్డులో మానసిక సమస్య ఊసే లేదు, పైగా 2019లో పని ఒత్తిడి, నిద్రలేమి అని ఒక ఎంట్రీ ఉంది, కాబట్టి ఇది పాత సమస్య కావచ్చు. మూడూ నిజమే. చదివి నామీద నాకే కోపం వచ్చింది.

లాయర్ తొణకలేదు. గాయపడిన మనిషి ఎలా ఉంటే అలాగే తీసుకోవాలన్నది ఇక్కడి కోర్టుల పద్ధతి, 2019 ఎంట్రీ వల్ల భవిష్యత్తు నష్టం లెక్క కొంచెం తగ్గొచ్చు గానీ క్లెయిమ్ పోదు అంది. ఇక నాలుగు నెలల ఖాళీకి ఆవిడ చూపించింది ఆ ఈసీజీనే. యాక్సిడెంట్ అయిన ఏడో వారంలో, అంతకుముందు ఎప్పుడూ గుండె గురించి మాట్లాడని మనిషి దడ అని వచ్చింది, రిపోర్ట్ నార్మల్. అప్పుడు డబ్బు దండగ అనుకున్న ఆ కాగితమే నా మొదటి సాక్ష్యమైంది.

రెండు పక్షాలూ ఒప్పుకున్న సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపారు, ఖర్చు ఇన్సూరెన్స్ వాళ్లదే. పూట పట్టింది. రిపోర్ట్ డ్రాఫ్ట్ ముందు నాకే వచ్చింది, నచ్చకపోతే అవతలికి వెళ్లకుండా ఆపే హక్కు కూడా ఉంది. ఆపలేదు. బానే రాశాడు, నేను చెప్పిన "గుండె జారిపోయింది" ఒక్కటి తప్ప.

మధ్యలో సైకాలజిస్ట్ దగ్గర ఈఎండీఆర్ నడిచింది, కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ ఆ భయం జ్ఞాపకాన్ని తగ్గించే చికిత్స. కళ్ల ముందు ఆగిపోయిన బొమ్మల్లో అన్నిటికంటే భయంకరమైనది ఏది, సున్నా నుంచి పదిలో ఎంత అని అడుగుతారు. నేను వ్యాన్ అని చెబుతాననుకున్నాను. నోట్లోంచి వచ్చింది లంచ్ బాక్స్. మూత ఊడి, ఎర్రటి సైకిల్ దారి మీద పసుపు పచ్చగా పరుచుకున్న పులిహోర, అందులో ఒక ఎండుమిర్చి, దాని పక్కన నా చెయ్యి ఉండకూడని వంపులో. తొమ్మిది అన్నాను. సైకాలజిస్ట్ వేళ్లు అటూ ఇటూ ఆడిస్తుంటే కళ్లతో వెంబడించాలి, చూడ్డానికి భూతవైద్యంలా ఉంటుంది. ఆరో సిట్టింగ్‌కి మూడుకి దిగింది.

సెటిల్మెంట్ 2024 వేసవిలో అయింది. అంకె చెప్పను. సంతకం పెట్టిన కాగితంలో లాయర్ ఒక వాక్యం చేర్పించింది, ఈ జబ్బు తిరగబెట్టి నేను ఉద్యోగం చేయలేని స్థితి వస్తే ఫైలు మళ్లీ తెరవొచ్చని. దాని కోసమే రెండు నెలలు ఎక్కువ పట్టింది.

సైకిల్ ఇప్పుడు తొక్కుతున్నాను, వెలుతురుంటే. నవంబర్ నుంచి జనవరి దాకా ట్రామే.