కెన్లీ జాన్సెన్ వెళ్లిపోయాడని హమ్మయ్య అనుకున్నవాణ్ణి

2022 మార్చిలో బేస్‌బాల్ పిచర్ (బంతి విసిరేవాడు) కెన్లీ జాన్సెన్ అట్లాంటా బ్రేవ్స్ జట్టుతో ఒక ఏడాదికి 1.6 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడన్న వార్త చూడగానే నేను హమ్మయ్య అనుకున్నాను. పన్నెండు సీజన్ల పాటు లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ తరఫున ఆడి, ఆ జట్టు చరిత్రలో ఇంకెవరూ దరిదాపుల్లోకి రాలేనంతగా 350 సేవ్‌లు చేసిన మనిషి వెళ్లిపోతుంటే, అన్నేళ్లూ ఆ జట్టునే అభిమానిస్తూ వచ్చిన నాకు మొదట కలిగిన భావం అది. అరగంట తరువాత ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించింది. మరునాటికి ఆ రెండూ కలిసిపోయి, ఏది ఎక్కువో తేల్చుకోలేని స్థితి వచ్చింది. నా ఒక్కడి సంగతే అయితే ఇంత రాయవలసిన పని లేదు గానీ, నాకు తెలిసిన డాడ్జర్స్ అభిమానుల్లో చాలామందిది ఇదే తీరు కావడం వల్ల దీని గురించి కొంచెం నిదానంగా ఆలోచించాలనిపించింది.

బేస్‌బాల్ అంతగా పరిచయం లేనివారి కోసం కొంత చెప్పాలి. ఆట మొదలుపెట్టిన పిచర్ అలసిపోయిన తరువాత వచ్చేవారందరినీ రిలీఫ్ పిచర్లు అంటారు. వారిలో చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌ను ముగించే పని అప్పగించినవాడు క్లోజర్. తన జట్టు మూడు పరుగులు గానీ అంతకన్నా తక్కువ గానీ ఆధిక్యంలో ఉన్నప్పుడు వచ్చి, ఒక ఇన్నింగ్స్ పూర్తిగా వేసి, ఆ ఆధిక్యాన్ని నిలబెడితే అతని పేర ఒక సేవ్ నమోదవుతుంది. 1969 నుంచి ఇది అధికారిక లెక్కల్లో ఉంది. క్రికెట్‌లో ఆఖరి ఓవర్ వేసే బౌలర్‌ను ఊహించుకుంటే కొంత దగ్గరగా ఉంటుంది గానీ, ఆ బౌలర్ అంతకు ముందు కూడా రెండు మూడు ఓవర్లు వేసి ఉంటాడు. క్లోజర్ మాత్రం ఆట అంతా బుల్‌పెన్‌లో (రిలీఫ్ పిచర్లు వేచి ఉండే చోట) కూర్చుని, మిగిలినవారందరూ కట్టిన గోడ మీద చివరి ఇటుక పెట్టడానికే వస్తాడు. ఆ ఇటుక సరిగ్గా కూర్చుంటే గోడ కట్టినవారిని మెచ్చుకుంటారు. జారితే గోడ అంతా అతనే కూల్చినట్టు మాట్లాడతారు.

బ్యాటర్ పదిసార్లలో మూడుసార్లు సఫలమైతే గొప్పవాడు. మొదటి పిచర్ ఆరు ఇన్నింగ్స్‌లో మూడు పరుగులు ఇచ్చినా అతని పని అతను చేశాడనే అంటారు. క్లోజర్ పదింట తొమ్మిదిసార్లు గెలిపించినా ఆ పదోసారి గురించే వారమంతా చర్చ నడుస్తుంది. జాన్సెన్ తన కాలమంతటిలో దాదాపు ఆ లెక్కనే నిలబెట్టుకున్నాడు. అయినా అతను మౌండ్ (పిచర్ నిలబడి బంతి వేసే దిబ్బ) మీదికి నడిచి వస్తుంటే నేను టీవీ శబ్దం తగ్గించేసేవాణ్ణి. తెర మీద బంతి ఎటు వెళ్లిందో అర్థమయ్యే లోపే జనం కేక వినిపిస్తుంది. ఆ కేక సంతోషమా, నిట్టూర్పా అని తెలుసుకునే ఆ అరక్షణాన్ని భరించలేక ఈ అలవాటు చేసుకున్నాను. 2018 నాటికి ఇంట్లో వారందరికీ అది తెలుసు. నేను రిమోట్ వైపు చెయ్యి చాచితే చాలు, జాన్సెన్ వచ్చాడని పక్క గదిలో ఉన్నవారికీ అర్థమైపోయేది.

మొదట్లో ఇలా లేదు. నెదర్లాండ్స్ రాజ్యంలో భాగమైన కురసావ్ ద్వీపంలో పుట్టిన జాన్సెన్‌ను డాడ్జర్స్ తీసుకున్నది క్యాచర్‌గా, అంటే బ్యాటర్ వెనుక కూర్చుని బంతి పట్టుకునేవాడిగా. 2009 వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో నెదర్లాండ్స్ జట్టుకు అతను క్యాచర్‌గానే ఆడాడు. చేతిలో బలం చాలా ఉంది, బ్యాటింగ్ మాత్రం రాలేదు. అదే ఏడాది అతన్ని పిచర్‌గా మార్చారు. మరుసటి ఏడాది జూలై నాటికి అతను డాడ్జర్స్ తరఫున మౌండ్ మీద ఉన్నాడు, రెండో రోజుకే మొదటి సేవ్ అందుకున్నాడు. వెనుక కూర్చుని బంతి పట్టుకునేవాడు ఏడాదిన్నర లోపే బంతి విసిరేవాడై మేజర్ లీగ్స్‌కు చేరడం అరుదైన సంగతి. అతని ఆయుధం ప్రధానంగా ఒకటే, కట్టర్. నేరుగా వస్తున్నట్టే కనిపించి, ఎడమచేతి బ్యాటర్ దగ్గరికి వచ్చేసరికి అతని చేతుల వైపు కోసుకుపోయే బంతి అది. మరియానో రివెరా 652 సేవ్‌ల రికార్డును దాదాపు అదే బంతితో సాధించాడు. ఏ బంతి వస్తుందో బ్యాటర్‌కు తెలుసు, చూస్తున్న మాకూ తెలుసు, అయినా కొట్టలేకపోయేవారు. 2017లో జాన్సెన్ 109 మందిని స్ట్రైక్ అవుట్ చేసి (మూడు స్ట్రైకులతో వెనక్కి పంపి), ఏడాది మొత్తంలో ఏడుగురికి మాత్రమే వాక్ (నాలుగు చెడ్డ బంతుల వల్ల ఉచితంగా మొదటి బేస్) ఇచ్చాడు. ఆ వేసవిలో మా ఇంట్లో టీవీ శబ్దం గట్టిగానే ఉండేది.

ఆ ఏడాది అక్టోబరులోనే కథ మారింది. హ్యూస్టన్ ఆస్ట్రోస్‌తో వరల్డ్ సిరీస్ (ఏడాది ఛాంపియన్‌ను తేల్చే చివరి పోటీ) రెండో ఆటలో, మా సొంత స్టేడియంలో, తొమ్మిదో ఇన్నింగ్స్ మొదలయ్యేసరికి మాకు ఒక్క పరుగు ఆధిక్యం ఉంది. మార్విన్ గొంజాలెస్ మీద జాన్సెన్ రెండు స్ట్రైకులు వేశాడు, బాల్ (చెడ్డ బంతి) ఒక్కటీ లేదు. అలాంటప్పుడు బ్యాటర్‌కు అందని చోట బంతి వేసి చూడవచ్చు. కట్టర్ మధ్యలోకి వచ్చింది, గొంజాలెస్ దాన్ని గోడ దాటించాడు. స్కోరు సమమై ఆట పదకొండు ఇన్నింగ్స్‌కు వెళ్లి 7-6తో చేజారింది. ఐదో ఆటలో, హ్యూస్టన్‌లో, 13-12తో ఓడినప్పుడు పదో ఇన్నింగ్స్‌లో అలెక్స్ బ్రెగ్‌మన్ కొట్టిన చివరి దెబ్బ కూడా జాన్సెన్ బంతి మీదే. ఆస్ట్రోస్ ఆ ఏడాది కెమెరా సాయంతో, ఏ బంతి వేయాలో ఎదుటి జట్టు క్యాచర్ పిచర్‌కు చెప్పే సైగలు దొంగిలించారని 2020లో లీగ్ విచారణలో తేలినప్పుడు ఐదో ఆట గురించి మేమందరం కాస్త ఓదార్పు వెతుక్కున్నాం. గొంజాలెస్ హోమ్ రన్‌కు మాత్రం ఆ ఓదార్పు కూడా దొరకలేదు, ఎందుకంటే వారు ఆ పని చేసినట్టు తేలింది తమ సొంత మైదానంలో, ఈ దెబ్బ తగిలింది మా మైదానంలో.

2018 వరల్డ్ సిరీస్‌లో బోస్టన్ రెడ్ సాక్స్ మీద పద్దెనిమిది ఇన్నింగ్స్ నడిచిన మూడో ఆట ఉంది. మ్యాక్స్ మన్సీ హోమ్ రన్‌తో ముగిసిందని అందరికీ గుర్తే. అది అంత దూరం వెళ్లడానికి కారణం ఎనిమిదో ఇన్నింగ్స్‌లో జాకీ బ్రాడ్లీ జూనియర్ జాన్సెన్ మీద కొట్టిన హోమ్ రన్ అని డాడ్జర్స్ అభిమానులకు ఇంకా బాగా గుర్తు. ఆ మరునాటి ఆటలో, మళ్లీ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో, స్టీవ్ పియర్స్ హోమ్ రన్‌తో స్కోరు సమం చేశాడు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే నాకు కొట్టొచ్చినట్టు కనిపించేది ఒకటుంది. గొంజాలెస్, బ్రాడ్లీ, పియర్స్ ముగ్గురి విషయంలోనూ జాన్సెన్‌ను ఎనిమిదో ఇన్నింగ్స్‌లోనే దింపారు. మామూలుగా మూడు అవుట్లు తీసే మనిషిని ఆరు అవుట్లు తీయమన్నారు. అతని ముందు వచ్చే రిలీఫ్ పిచర్ల మీద ఆ కీలక ఘడియలో మేనేజర్‌కు నమ్మకం చాలకనే కదా అతని భారం రెట్టింపయింది? ఆ రాత్రులలో నేను ఇలా ఆలోచించలేదు. రిమోట్ పట్టుకుని విసుక్కున్నాను.

2020 వరల్డ్ సిరీస్‌లో టాంపా బే రేస్ మీద నాలుగో ఆట గురించి ఎక్కువ చెప్పను. చెప్పడం ఇప్పటికీ కష్టంగానే ఉంది. రెండు అవుట్లు, రెండు స్ట్రైకులు, ఒక్క పరుగు ఆధిక్యం. బ్రెట్ ఫిలిప్స్ కొట్టిన సింగిల్‌ను సెంటర్ ఫీల్డ్‌లో క్రిస్ టేలర్ జారవిడిచాడు. రాండీ అరోజరేనా పరుగెడుతూ బోర్లా పడినా, మా క్యాచర్ విల్ స్మిత్ చేతికి బంతి చిక్కకపోవడంతో లేచి వచ్చి గెలుపు పరుగు చేశాడు. ముగ్గురి తప్పులు కలిసిన ఆ ఆటలోనూ, హోమ్ ప్లేట్ (పరుగు పూర్తయ్యే చోటు) వెనక్కి ఎందుకు పరుగెత్తలేదన్న నింద జాన్సెన్ మీదికే వచ్చింది. ఆ నిందలో కొంత న్యాయం ఉందనే ఇప్పటికీ అంటాను. మూడు రోజుల తరువాత డాడ్జర్స్ 1988 తరువాత మొదటిసారి టైటిల్ గెలిచినప్పుడు చివరి ఏడు అవుట్లు తీసింది హూలియో ఉరియాస్. పదేళ్లు తలుపు దగ్గర కాపలా కాసిన మనిషి, పండుగ రోజున ఆ తలుపు మూసే అవకాశం లేకుండా బుల్‌పెన్‌లో ఉండిపోయాడు. నేను ఆనందంతో కేకలు వేశాను, శబ్దం పెంచాను. అతను అప్పుడు ఎలా ఉన్నాడో తెర మీద వెతకాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

2021 జూలైలో శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ మీద సొంత మైదానంలో వరుసగా రెండు రాత్రులు తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఆట చేజారింది. రెండో రాత్రి డారిన్ రఫ్ బ్యాట్‌ను పూర్తిగా తిప్పాడా, మధ్యలో ఆపాడా అన్న నిర్ణయం మాకు వ్యతిరేకంగా వెళ్లింది. అది స్ట్రైక్ అని ప్రకటించి ఉంటే ఆట అక్కడితో ముగిసేది. మేనేజర్ డేవ్ రాబర్ట్స్ అంపైర్లతో గొడవపడి బయటికి వెళ్లవలసి వచ్చింది. స్టేడియంలో అభిమానులు మాత్రం అంపైర్లతో పాటు తమ సొంత పిచర్ మీద కూడా బూ కొట్టారు. నేను ఆ రాత్రి పై అంతస్తులో ఉన్నాను. నేను అరవలేదని చెప్పుకోవడం సులువే. నిజానికి నేను అరవలేదు. పక్కనున్నవారు అరుస్తుంటే నా పని వారు చేసిపెడుతున్నట్టు అనిపించింది. ఆ సీజన్ చివరికి జెయింట్స్ 107 ఆటలు, మేము 106 ఆటలు గెలిచి, ఒక్క ఆట తేడాతో మా డివిజన్‌లో (లీగ్‌లోని మా విభాగంలో) మొదటి స్థానం పోగొట్టుకోవడంతో, ఆ రెండు రాత్రులను మాటిమాటికీ తలుచుకున్నవారిలో నేనూ ఉన్నాను. తక్కిన వందకు పైగా ఆటల్లో ఎవరెవరు ఏమేమి పోగొట్టారో లెక్క వేసినవారు లేరు.

అదే ఏడాది అక్టోబరులో నేషనల్ లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్‌లో బ్రేవ్స్ మీద రెండో ఆట చూడండి. ఇంకొక పిచర్ వదిలివెళ్లిన రన్నర్ రెండో బేస్ మీద ఉండగా జాన్సెన్‌ను దింపారు. అతని మొదటి బంతినే ఎడీ రొసారియో షార్ట్ స్టాప్‌ను (రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్‌ను) దాటించి కొట్టాడు, ఆట అయిపోయింది. లెక్కల పుస్తకంలో ఆ పరుగు జాన్సెన్ ఖాతాలో పడలేదు. మా మనసుల్లో పడింది.

ఇంతకన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టే విషయం అతని గుండె. దాని లయ తప్పడం వల్ల 2012లోనే అతనికి ఒక చికిత్స జరిగింది. 2018 ఆగస్టులో డెన్వర్‌లో మళ్లీ లయ తప్పి ఆసుపత్రి పాలయ్యాడు. కొద్ది రోజులకే తిరిగి వచ్చి, సీజన్ పూర్తిచేసి, అక్టోబరులో పైన చెప్పిన ఆ రెండు హోమ్ రన్లు ఇచ్చి, నవంబరులో మళ్లీ గుండెకు చికిత్స చేయించుకున్నాడు. ఆ వారాల్లో మేము చర్చించుకున్నది అతని కట్టర్ వేగం ఎంత తగ్గిందన్న విషయం. ఈ సంగతి తెలియక అలా మాట్లాడామని అనడానికి లేదు, పత్రికల్లో అంతా వచ్చింది. నా గుండె దడదడలాడుతోందని నేను టీవీ శబ్దం తగ్గించుకుంటున్న రోజుల్లో, నిజంగా గుండె జబ్బు ఉన్నవాడు బంతి వేస్తున్నాడు.

అతను వెళ్లిన వారంలోనే బ్రేవ్స్ అభిమానుల ప్రాణమైన ఫ్రెడీ ఫ్రీమన్ మా జట్టుకు వచ్చాడు. వారి దుఃఖం మాకు పండుగ అయింది, మా సందిగ్ధం వారికి లాభమైంది. జాన్సెన్ స్థానంలోకి క్రెయిగ్ కింబ్రెల్‌ను తెచ్చారు. అతను ఒకప్పుడు అట్లాంటాలో తిరుగులేని క్లోజర్. సెప్టెంబరు వచ్చేసరికి కింబ్రెల్‌ను ఆ బాధ్యత నుంచి తప్పించవలసి వచ్చింది. అదే ఏడాది జాన్సెన్ 41 సేవ్‌లతో నేషనల్ లీగ్‌లో అందరికన్నా ముందున్నాడు. అంటే మార్చిలో నేను అనుకున్న హమ్మయ్యకు అర్థం లేదు. నేను భయపడింది అతన్ని చూసి అనుకున్నాను. తొమ్మిదో ఇన్నింగ్స్ అక్కడే ఉంది, ఒక పరుగు ఆధిక్యం అక్కడే ఉంది, భయమూ అక్కడే ఉంది, మౌండ్ మీద మనిషి మాత్రమే మారాడు. పైగా కొత్త మనిషితో నాకు పదేళ్ల పరిచయం లేదు కనుక, విసుక్కోవడానికి కూడా ఆ చనువు కుదరలేదు.

ఆ ఏడాది ఏప్రిల్‌లో బ్రేవ్స్ లాస్ ఏంజిలిస్‌కు వచ్చారు. రెండో ఆటలో వారు ఆధిక్యంలో ఉండగా తొమ్మిదో ఇన్నింగ్స్‌కు బుల్‌పెన్ తలుపు తెరుచుకుంది, అదే భారీ విగ్రహం, అదే 74 నంబరు, వేరే జట్టు దుస్తుల్లో నడుచుకుంటూ వచ్చింది. ఇంట్లో టీవీ ముందు కూర్చున్న నా చెయ్యి రిమోట్ వైపు వెళ్లి శబ్దం తగ్గించేసింది. ఎదుటి జట్టు క్లోజర్ తడబడితే మేమే గెలుస్తామని, ఈసారి జనం కేక వింటే లాభమే తప్ప నష్టం లేదని తెలిసి కూడా నేను శబ్దం పెంచలేదు. ఒక్కొక్క బంతికీ ఊపిరి బిగబట్టి చూశాను. మూడో అవుట్ పడి, అతను క్యాచర్‌తో చేతులు కలుపుతుంటే నేను తేలికగా ఊపిరి వదిలాను. ఓడిపోయింది మా జట్టని గుర్తుకు రావడానికి కొంత సమయం పట్టింది.